బర్తొలొమయి చేతిలో కత్తి

ఫ్లోరెన్స్‌లో తోళ్లు పదునుచేసేవాళ్ల సంఘం తమ ప్రార్థనామందిరం గోడమీద బర్తొలొమయి బొమ్మ వేయించుకుంటోంది. ఒంటి తోలు ఒలిపించుకుని ప్రాణం విడిచిన అపొస్తలుడాయన. తోలుపని వాళ్లకు ఆయనే పెద్దదిక్కు.

ఆ పని ఒప్పుకున్న చిత్రకారుడు బెట్టో, ముందుగా కాగితం మీద బొమ్మ గీసే పని శిష్యుడు లాపోకిచ్చాడు. నిన్నగాక మొన్న వచ్చిన లాపోకి! ఏళ్ల తరబడి రంగులు నూరిన నోఫ్రీకి మాత్రం ఆ గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచే పని దక్కింది. ఆ కాగితాన్ని తడి సున్నం పూసిన గోడకు ఆనించి, బొగ్గుపొడి మూటతో అద్దితే బొమ్మ చుక్కచుక్కలుగా గోడమీదికి దిగుతుంది.

"అన్నా, గడ్డం దగ్గర కాస్త దగ్గరదగ్గరగా పొడువు," అన్నాడు లాపో.

"నాకు నేర్పకు. నువ్వు పాలు తాగే రోజుల్లోనే నేను సూది పట్టాను."

లాపో నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. సూది నడుస్తున్నకొద్దీ నోఫ్రీ కడుపు మండింది. ఎంత బాగా గీశాడు వెధవ! ఆ కళ్లు, ఆ మెడనరాలు! తప్పు వెతుకుదామంటే దొరకదే. కుడిచేతిలోని కత్తి దగ్గర సూది ఆగింది. ఆయన తోలు ఒలిచిన కత్తి అది. ఈ కత్తి లేకపోతే ఈయన బర్తొలొమయి అని ఎవరు చెప్పగలరు? గడ్డమున్న ముసలాళ్లలో ఒకడు, అంతే. నోఫ్రీ కత్తిని వదిలేసి పిడికిలి పూర్తిచేశాడు.

మర్నాడు గోడకు బొగ్గు అద్దిందీ అతనే. కాగితం చుట్టేసరికి గురువు, లాపో, సంఘం పెద్ద లోపలికి వచ్చారు.

"ఏమయ్యా బెట్టో, మా స్వామి చేతిలో కత్తేదీ?" అన్నాడు పెద్దాయన. "వట్టి పిడికిలితో మమ్మల్ని గుద్దడానికొచ్చాడా?"

గురువు లాపో వైపు తిరిగాడు. "ఒరేయ్, కత్తే మరిచావా?"

"గీశాను గురువుగారూ! ఒట్టు."

గురువు కాగితం విప్పి కిటికీకి ఎదురుగా పట్టాడు. కళ్లు, గడ్డం, వేళ్లు... చిల్లులన్నిట్లోంచీ వెలుతురు మెరిసింది. కత్తి దగ్గర మాత్రం ఒక్క చుక్కా వెలగలేదు. గురువు చూపు నోఫ్రీ మీద ఆగింది.

"తొందరలో దాటేసుంటాడు గురువుగారూ," అన్నాడు లాపో. "నిన్నంతా ఒక్కడే కూర్చుని పొడిచాడు పాపం."

ఆ 'పాపం' నోఫ్రీకి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. మంచితనంలోనూ వీడిదే పైచేయి!

"సున్నం ఆరిపోతోంది," అంటూ గురువు కుంచె నోఫ్రీకి అందించాడు. "వదిలింది నువ్వు. వెయ్యాల్సిందీ నువ్వే."

ఏళ్లుగా ఆశపడ్డ కుంచె. నోఫ్రీ కత్తి వేశాడు. బాగానే కుదిరింది.

"ఇప్పుడు మా స్వామే!" అన్నాడు పెద్దాయన.

నోఫ్రీ ఆశగా వెనక్కి తిరిగాడు. పెద్దాయన కత్తి వంక చూడటం లేదు. లాపో గీసిన ఆ కళ్లకేసి చూస్తూ సిలువ గుర్తు వేసుకుంటున్నాడు.