శుక్రవారం పాఠం

సృజనకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. బీరువా మీదున్న కెమెరా అవతల ఇప్పుడు ఎవరూ లేరేమోనని.

ఆ కెమెరాను ఆమె భర్త సాగర్ పోయిన సెలవులో వచ్చినప్పుడు పెట్టి వెళ్లాడు. గుప్పెడంత ఉంటుంది, గుడ్లగూబలా మెడ తిప్పుతుంది. గల్ఫ్‌లో క్యాంపు గదిలో పడుకుని అతను ఫోన్ మీద వేలు కదిపితే, ఇక్కడ శ్రీరాంపూర్‌లోని అద్దె ఇంట్లో అది సన్నగా గుర్రుమంటూ అటూ ఇటూ చూస్తుంది. ఇక్కడి మాట అక్కడికి వినపడుతుంది, అక్కడి మాట ఇక్కడ పలుకుతుంది. మొగుడు సముద్రం అవతల నుంచి కావలి కాస్తున్నాడని ఇంటి ఓనరు ఉమ్రావ్ బేగం మొహం మీదే నవ్వింది. మొదట్లో సృజనకు తల కొట్టేసినట్టే ఉండేది. బట్టలు మార్చుకోవాలన్నా, అద్దంలో చూసుకోవాలన్నా దాని మీద తువ్వాల కప్పేది.

ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా పెళ్లయి ఆమె చదువు ఆగిపోయింది. కూతురు రిత్విక కాస్త పెద్దదయ్యాక పట్టుబట్టి మళ్లీ చదువులో పెట్టింది సాగరే. అతను పదో తరగతి తప్పినవాడు. అర్హత పరీక్ష రాయించి, ఇంటి పట్టున ఉండి చదివే డిగ్రీలో చేర్పించాడు. అందులో ఇంగ్లీషు పేపర్‌కు ఒక నవల ఉంది. పాతది, అంతగా పేరు లేనిది. ఆ కథలోని దేశంలో సర్కారు ప్రతి మనిషినీ చూస్తూ ఉంటుంది. ఎవరు ఏం తిన్నారో, ఎందుకు నవ్వారో, నిద్రలో ఏమని కలవరించారో కూడా దానికి తెలుస్తుంది. అలాంటి చోట ఒకతనికి ఒకామె మీద మనసవుతుంది. ఎవరి కంటా పడకుండా ఇద్దరూ కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే చోటు కోసం వెతుక్కుంటూ తిరుగుతారు.

ఉమ్రావ్ బేగం కూతురు నూరీన్ కూడా అదే పరీక్ష రాస్తోంది. ఆమె దగ్గర అర్థం చెప్పించుకుని, శుక్రవారం మధ్యాహ్నం సాగర్‌కు సెలవు కాబట్టి సృజన ఆ పాఠాన్ని కెమెరాకు ఎదురుగా కూర్చుని తెలుగులో అప్పజెప్పేది. వినడం మొదలుపెట్టినవాడు కథలో మునిగిపోయాడు.

“గా నవ్వుకుంట మాట్లాడేటోన్ని నమ్మద్దని జెప్పు వాళ్లకు,” అన్నాడొకసారి, కథలో ఆ ఇద్దరికీ సాయం చేస్తానని వచ్చినతని గురించి.

“నేను జెప్తే ఇంటరా? పుస్తకంల ఉన్నోళ్లాయె.”

“అయితే పుస్తకం మూసెయ్. దొరకనే దొరకరు.”

బయట బట్టలు ఆరేస్తున్న ఉమ్రావ్ బేగానికి వినపడేంతగా నవ్వింది సృజన. కెమెరా మీద తువ్వాల కప్పడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు.

తరువాత ఒక శుక్రవారం సాగర్ కథ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చివర్లో మాత్రం, తమను వేరే సైటుకు పంపుతున్నారనీ, ఎడారిలో లోపలికనీ, ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారట అనీ చెప్పాడు. పాస్‌పోర్టు సంగతి ఆమె అడిగితే, అది కంపెనీ దగ్గర లేనిదెప్పుడని తేలిగ్గా అనేశాడు. ఫికర్ చేయొద్దన్నాడు. మిగిలిన కథ దాచిపెట్టమన్నాడు.

ఆ తర్వాత కెమెరా మెడ తిప్పలేదు. ఫోన్ కలవలేదు. పంపిన ఏజెంటు అక్కడ సిగ్నల్ ఉండదని ఒకసారి, వాళ్ల మేస్త్రీని అడిగి చెప్తానని ఒకసారి అన్నాడు. ఆపైన ఫోన్ ఎత్తడం మానేశాడు.

సృజన నవల చివరి భాగం తెరవలేదు. పరీక్ష దగ్గర పడుతుంటే నూరీన్ మందలించింది. ప్రశ్న ఎప్పుడూ ముగింపు మీదే వస్తుందనీ, బావ వచ్చేదాకా పరీక్ష ఆగదు కదా అనీ అంది. అది సృజనకు తెలియక కాదు. దాచిపెట్టమన్నాడు. అతను లేకుండా చదివితే అతన్ని వదిలేసి ముందుకు పోయినట్టు అనిపించింది. కథలోని ఇద్దరూ కంటికి కనపడని మూలల కోసం తిరుగుతుంటే, ఆమె బియ్యం చాట తెచ్చుకుని కెమెరాకు ఎదురుగా కూర్చునేది. రిత్వికకు అక్కడే అన్నం పెట్టేది, అక్కడే తల దువ్వేది.

పరీక్షకు ముందటి శుక్రవారం మధ్యాహ్నం, పిల్ల నిద్రపోతుండగా బీరువా మీద కెమెరా గుర్రుమంది.

సృజన చేతిలోని పప్పు గిన్నె జారింది. కెమెరా గోడ వైపు తిరిగింది, ఫ్యాను వైపు చూసింది, మళ్లీ కిందికి వాలింది. సాగర్ వేలు అలా తడబడదు. జ్వరమేమో అనుకుంది. ఎదురుగా వచ్చి నిలబడి కళ్లు తుడుచుకుంటూనే తిట్టింది.

“ఏడికి వోయినవ్? ఫోన్ లేదు, ముచ్చట లేదు. బిడ్డ నీ బొమ్మకు అన్నం పెడుతున్నది. నీ అంగి నేనింకా పిండలే. దిండు కింద పెట్టుకొని పంటున్న. ఎర్కేనా నీకు?”

కెమెరా ఆమె మీదే నిలిచింది. అక్కడ మాట్లాడనివ్వరేమో, చూడడానికి మాత్రం దొరికిందేమో అనుకుంది. ఎంతసేపు దొరికిందో తెలియదు. గబగబా పుస్తకం తీసి, దాచిపెట్టిన భాగం తెరిచి, తెలిసిన మాటలకు అర్థం చెబుతూ తెలియని వాటిని దాటేస్తూ చదువుకుంటూ పోయింది. వాళ్లిద్దరూ దొరికిపోతారు. వాళ్లను ఎవరూ చంపరు. వేరు చేసి, ఒకరిని ఒకరు మరిచిపోయేదాకా ఉంచుతారు. చివరికి ఇద్దరూ ఒకే వరుసలో ముందూ వెనకా నిలబడతారు. ఈ వరుస దేనికని ఆమె అడుగుతుంది. తనకూ తెలియదంటాడతను. ఆమె ఎవరో అతనికి గుర్తు లేదు.

సృజన పుస్తకం ఒళ్లో పెట్టుకుంది.

“నువ్వు గిట్ల జెయ్యకు,” అంది.

కెమెరాలోంచి దగ్గు వినిపించింది. తరువాత ఒక ముసలి గొంతు.

“బిడ్డా, నేను. లచ్చయ్యను.”

మామ. సాగర్ తండ్రి. సృజన చప్పున కొంగు తల మీదికి లాక్కుంది. ఆయన లక్సెట్టిపేటలో ఫోన్ల దుకాణం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పోయిన సెలవులో మనవరాలు కనపడుతుందని సాగరే తండ్రి ఫోన్‌లోనూ ఈ కెమెరా యాప్ పెట్టి వెళ్లాడట. తెరవడం రాక ఆయన వదిలేశాడు. ఈ రోజు దుకాణంవాడు దాన్ని తెరిచి ఇచ్చి గిరాకీలో పడిపోయాడు. మాట్లాడాలంటే ఎక్కడ ఒత్తాలో ఇంతసేపూ ఆయనకు దొరకలేదు.

“వాడు గీ ఫోన్లకెళ్లే గదా మిమ్ములను జూసేటోడు,” అన్నాడు లచ్చయ్య. “నేను గూడ గిండ్ల జూస్తే వాడు గనవడుతడేమో అనుకున్న. నువ్వు గనవడ్డవు.”

సృజన కొంగు ఇంకా ముందుకు లాక్కుంది. అంగి సంగతి కూడా ఆయన విన్నాడన్నమాట. కాని దాని ఊసెత్తలేదు. కథ సంగతే అడిగాడు.

“గా మనిషికి మల్ల యాదికి రాలేదా?”

“రాలే మామా. ఆడికే అయిపోయింది.”

“గట్ల రాసుడేంది వాళ్లు,” అన్నాడు ముసలాయన, నిజంగానే కోపంతో. మళ్లీ గొంతు తగ్గించి అడిగాడు. “ఇది మూసుడెట్ల బిడ్డా?”

“మూయకు మామా. జరసేపు ఉండనీ.”

ఆయన ఉంచాడు. ఆమె కింద పడ్డ పప్పు ఏరుకుంది. రిత్విక లేచి కళ్లు నులుముకుంటూ వచ్చి, బీరువా వైపు చూసి, తండ్రే అనుకుని బాపూ అంది. దిద్దడానికి ఇద్దరిలో ఎవరికీ మనసొప్పలేదు.

పరీక్ష లక్సెట్టిపేటలోనే పడింది. లచ్చయ్య వచ్చి గేటు బయట మనవరాలిని ఎత్తుకుని నిలబడ్డాడు. నూరీన్ చెప్పినట్టే ముగింపు మీదే అడిగారు. తప్పులో ఒప్పులో, సృజన చెయ్యి నొప్పి పుట్టేదాకా రాసింది. బయటికి రాగానే మామ ఎలా రాశావని అడగలేదు. ఏజెంటు ఇంటికి తాళం వేసి ఉందని చెప్పాడు. ఈలోగా తిరిగిన సర్కారు ఆఫీసులన్నిటా చెప్పుకున్నాం, ఇక ఎవరిని అడుగుదామన్నాడు. అక్కడికి పోయేవాళ్లనీ, అక్కడ ఉన్నవాళ్లనీ, కనపడ్డ ప్రతి ఒక్కరినీ అడుగుదామంది సృజన.

అందుకే మిమ్మల్నీ అడగడం. ఇది చదివేవాళ్లలో కొందరు గల్ఫ్‌లోనే ఉండొచ్చు, కొందరికి అక్కడ అన్నో బావో ఉండొచ్చు. ఎడారిలో లోపల, ఫోన్లు గేటు దగ్గర తీసుకునే సైటు మీ ఎరికలో ఉంటే ఒకసారి అటు వెళ్లి చూడండి. సాగర్ పొడుగ్గా ఉంటాడు. ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలిన మచ్చ ఉంటుంది. తెలుగు మాట చెవిన పడితే తనే పలకరించే మనిషి. పలకరించకపోతే మీరే పలకరించండి. కడుపునిండా తింటున్నాడో లేదో కనుక్కుని, శ్రీరాంపూర్‌కు ఒక్క మాట చేరవేయండి.