అమ్మ రైఫిలుకి అల్లుడు చేసిన సేవ

మా బావ వాసిలీకి నూనె మీద మహా నమ్మకం. బెతెల్ పట్నంలో ఒక బడిని వెచ్చగా ఉంచే బాయిలర్లు చూసుకునే మనిషి. పొద్దస్తమానం వెచ్చటి గదిలో ఇనుప సామాన్ల మధ్య గడిపినవాడు. తలుపు కిర్రుమంటే నూనె, కుట్టుమిషను బిగుసుకుంటే నూనె. మా అక్క లుకేరియాని పెళ్లి చేసుకున్నాక, చలికాలం చివర్లో మొదటిసారి మా ఊరొచ్చాడు. ఎలాగైనా అత్తగారి చేత శభాష్ అనిపించుకోవాలని తాపత్రయం. మా అమ్మ నస్తాసియా ఎవర్నైనా మెచ్చుకోగా నేనైతే చూళ్లేదు.

అమ్మకి ఒక పాత రైఫిల్ ఉంది. నేను పుట్టకముందు తోళ్లమ్మి కొనుక్కుంది. కర్ర పిడికి బదులు గోధుమరంగు నైలాన్ పిడి. వేలెడు కూడా లేని చిన్న తూటాలు పిడి వెనకనుంచి గొట్టంలోకి జారవిడుస్తారు. ఒకటి పేలగానే రెండోది దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పసిపిల్లంత బరువుండదు. అమ్మ దాన్ని పడవలో తెడ్డుగా వాడింది, దానితో మంచు పగలగొట్టింది, మీదికొచ్చిన కుక్కని అదిలించింది. గీతలు పడ్డాయి గానీ అది విరగలేదు, వంగలేదు.

ఆ రైఫిల్ మా ఇంటి చలివసారాలో మేకుకి వేలాడుతూ ఉంటుంది. వెచ్చటి ఇంట్లోకి తెస్తే చెమ్మ పడుతుంది, నూనె వేస్తే చలికి జిగురవుతుంది. ఇది మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, బావకి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

శనివారం మధ్యాహ్నం అమ్మా అక్కా ఆవిరిస్నానానికి వెళ్లారు. నేను ఏటిమీద వల చూసుకుని వచ్చేసరికి వంటింటి బల్ల మీద రైఫిల్ ముక్కలు ముక్కలుగా పడుంది. బావ మోకాళ్ల మీద పొయ్యి కింద వెతుకుతున్నాడు.

"ఏం పోయింది బావా?"

"స్ప్రింగు. ఎగిరింది. నువ్వు కాలు కదపకు."

"అమ్మకి తెలుసా?"

"తెలిస్తే ఇంకేం బాగుంటుంది? పాపం, ఇన్నాళ్లూ చలిలో దిక్కులేనట్టు వేలాడింది. అత్తయ్యగారు చూసి ఆశ్చర్యపోవాలి."

"ఆశ్చర్యానికేం లోటుండదులే," అన్నాను.

స్ప్రింగు నా బూటు కిందే దొరికింది. వాళ్లు వచ్చేలోపు బావ చెమటలు కక్కుతూ అన్నీ బిగించాడు. అమ్మ ఎర్రబడ్డ మొహంతో లోపలికొచ్చి, బల్ల మీద నిగనిగలాడుతున్న దాన్ని చూసి ఆగింది.

"ఎవరిదిది?"

"మీదే అత్తయ్యా. కాస్త నూనె పెట్టాను."

అమ్మ వేలితో తాకి, ఆ వేలు వాసన చూసింది. "కాస్తేనా?" అని మాత్రం అని, రైఫిల్‌ని తీసుకెళ్లి మళ్లీ మేకుకి తగిలించింది.

మర్నాడు చర్చి అయ్యాక నలుగురం మంచుబండి మీద మంచుకోళ్ల వేటకి బయల్దేరాం. తెల్లటి మంచులో తెల్లటి పక్షులు. నల్లటి ముక్కూ కళ్లూ తప్ప ఇంకేం ఆనవు. ఏటి వంపులో పొదల కింద పెద్ద గుంపే కనబడింది. అమ్మ మంచులో చతికిలబడి, గురిచూసి మీట నొక్కింది.

టిక్ మంది. అంతే.

పక్కనున్న గొళ్లెం లాగి వదిలింది. లోపలి ఇనుము బంకలో పడ్డ ఈగలా నిదానంగా కదిలింది. మళ్లీ టిక్. పక్షులు తలలు తిప్పి మావైపు చూశాయి. ఒక్కటీ లేవలేదు.

"అల్లుడూ," అంది అమ్మ, వాటి మీంచి చూపు తిప్పకుండా. "నీ రైఫిల్ నిద్రపోతోంది. లేపు."

బావ మొహం మాడిపోయింది. తూటాలన్నీ బయటికి తీసేసి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"దాన్ని విప్పావంటే నిన్నిక్కడే వదిలేసి పోతాం," అంది అక్క.

"మరి బండి పెట్రోలు పోసి కడగనా?"

"అందులోనూ నూనె కలిసే ఉంటుంది," అన్నాను. "టీ కాచుకునే స్టవ్‌లో పోసేదే కావాలి."

స్టవ్ అనగానే అమ్మ నావైపు తిరిగింది. వేటలో టీ లేకపోతే అమ్మకి ప్రపంచం మీద విరక్తి. ఉన్నది ఒక్క సీసా. కాసేపు ఆలోచించి, "పొయ్యండి," అంది పెద్ద మనసుతో. బావ దాన్ని లోపలికి పోస్తూ, ఆడిస్తూ, ఊదుతూ నూనె వదిలించాడు. ఆరేదాకా గట్టి బిస్కెట్లూ ఎండుచేపా తింటూ కూచున్నాం. టీ లేని బిస్కెట్టు నములుతూ అమ్మ అల్లుణ్ణి చూసిన చూపు నేను మర్చిపోలేను.

ఈసారి రైఫిల్ పేలింది. పక్షి పడలేదు. ఇంకోసారి, ఇంకోసారి. అమ్మ గురి తప్పడం మేమెవరం ఎరగం. అక్క నా చెయ్యి పట్టుకుంది. అమ్మ రైఫిల్‌ని కిందికీ మీదికీ చూసి, బావ చేతికిచ్చింది.

"నువ్వు కాల్చు."

"నేనెప్పుడూ పిట్టని కొట్టలేదత్తయ్యా."

"ఇప్పుడు నేనూ కొట్టడం లేదుగా."

బావ పడుకుని, ఊపిరి బిగబట్టి కాల్చాడు. దగ్గర్లోని పక్షి పడింది. రెండోదీ పడింది. సంతోషపడాల్సినవాడు కాస్తా తెల్లబోయి లేచి కూచున్నాడు.

"అత్తయ్యా, ఒక మాట. గొట్టం మీద గురిచూసే రేకు పక్కకి జరిగిపోయి ఉండింది. నిన్న దాన్ని కూడా సరిచేశాను."

అమ్మ నోరు తెరిచింది. నేను తిడుతుందనుకున్నాను. ముందు భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు పొర్లుకొచ్చింది. నవ్వి నవ్వి మంచులో వెనక్కి వాలిపోయింది.

"దాన్ని నేనే జరిపానురా నాయనా, కొన్న ఏడే. పక్షికి జానెడు కుడికి గురిపెడతాను. మా అన్నదమ్ములు వారానికోసారి అడిగి తీసుకుపోయేవాళ్లు. నాలుగుసార్లు తప్పాక, ఇది పనికిరాదని మానేశారు."

నా బుర్రలో ఏదో వెలిగింది.

"మరి నేనో? చిన్నప్పట్నుంచీ దీనితో ఒక్క పిట్టనీ కొట్టలేదు. చేతకానివాడివని అందరిలో అన్నావు."

"నీకు చెబితే ఊరంతా చెప్పినట్టే కదరా."

అక్క పడీపడీ నవ్వింది. నాకు కోపం తెచ్చుకోవాలనిపించింది గానీ తీరిక లేకపోయింది. రైఫిల్ లాక్కుని తిన్నగా గురిపెట్టి కాల్చాను. పడింది. ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం వంతులేసుకుని కాలుస్తుంటే, అమ్మ పక్కన కూచుని "ఎడంవైపుది లావుగా ఉంది, అది చూడు" అంటూ పురమాయించింది.

బావ కొట్టిన మొట్టమొదటి పక్షిని, మా పద్ధతి ప్రకారం, ఊళ్లోకల్లా పెద్దావిడ అగాఫియా ఇంటికి పంపాం. ఆవిడ దాన్ని చేత్తో తూచి, "బెతెల్ వాళ్లు కూడా మనుషులేనన్నమాట," అంది. బావ ఆ మాట అక్కకి రెండుసార్లు చెప్పుకున్నాడు.

ఇంటికి రాగానే అమ్మ రేకుని మళ్లీ పక్కకి జరిపించింది. బావ చాలా శ్రద్ధగా జరిపాడు.

రెండ్రోజులకి మా మావయ్య ఎవాన్ వచ్చాడు. "అల్లుడు నీ రైఫిల్ బాగుచేశాడటగా అక్కా. ఓసారి ఇస్తావా?"

"తీసుకెళ్లరా, దానికేం," అంది అమ్మ.

సాయంత్రం మావయ్య ఉత్త చేతులతో తిరిగొచ్చి, రైఫిల్‌ని మేకుకి తగిలించి, కుర్చీలో కూలబడ్డాడు. "నా కళ్లు మందగించాయే," అన్నాడు దిగులుగా.

అమ్మ వేడివేడి టీ పోసి ముందు పెట్టింది. "ఎండలో మంచు మెరుపుకి అలాగే ఉంటుందిలే. బిస్కెట్టు తీసుకో."

బావ ఉన్నట్టుండి దగ్గుతూ లేచి, వసారాలోకి వెళ్లిపోయాడు.