పదహారు రంగుల అమ్మ

మా ప్రింటింగ్ కొట్లో ఒక అలవాటుంది. ఎవరు పాత బొమ్మల ఫైళ్లు తెచ్చినా కొత్త రకంలోకి మార్చేస్తాం, పాతవి అప్పటికప్పుడే చెరిపేస్తాం. రెండూ ఉంటే ఏది ప్రింటుకు పంపాలో తికమక. అందుకని మార్చే ప్రోగ్రాంలో ‘పాత ఫైలు తీసేయి’ అన్నచోట టిక్కు ఎప్పుడూ పెట్టే ఉంటుంది.

అక్క తెచ్చిన ఫ్లాపీ పెట్టినప్పుడూ టిక్కు ఉంది. లేనిది నా బుర్రే.

అందులో ఉన్నది అమ్మ బొమ్మ. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ఫొటోలన్నీ చెమ్మకు పాడైపోయాయి. అంతకుముందెప్పుడో నాన్న ఆఫీసు స్కానర్‌లో పెట్టి తీసిన ఈ ఒక్కటే మిగిలింది. అక్క దాన్ని ఇన్నేళ్లూ బీరువాలో దాచి, చివరికి నన్ను నమ్మి తెచ్చింది.

తెర మీదికి అమ్మ వచ్చింది. ఆకుపచ్చ ముఖం, ఊదా స్వెటర్, గులాబీ జుట్టు.

ఆ కాలపు ఫైళ్లలో బొమ్మలోని ఒక్కో చుక్కకు ఒక అంకె మాత్రమే ఉంటుంది. ఏ అంకె ఏ రంగో చెప్పే పట్టిక వేరే ఉంటుంది. ఇందులో ఉన్నవి పదహారే రంగులు. నా దిక్కుమాలిన ప్రోగ్రాం అంకెలన్నీ తెచ్చి పట్టికను గాలికొదిలేసింది. చెరిపేసిన ఫైలును వెనక్కి తెద్దామని చూస్తే ఫ్లాపీ కీచుకీచుమని మొరాయించింది.

“అయిందా?” అంది బల్ల అవతల నుంచి అక్క.

“అవుతోంది.”

“మరి ముఖం అలా పెట్టావేంట్రా?”

దాచలేక చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. దాంతో ఇంకా భయమేసింది.

“రంగులు నువ్వు చెబితే ఒక్కొక్కటీ మార్చగలను అక్కా. నేను చూడలేదు కదా.”

అక్క కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. “స్వెటర్ ఇటుక రంగు. దాని మీద సిరా ఒలకబోసి తన్నులు తిన్నాను, ఎలా మర్చిపోతాను? జుట్టు నలుపే. వెనక గోడ లేత నీలం.”

అన్నీ కుదిరాయి. ముఖం దగ్గరికొచ్చేసరికి అక్క తెర మీదికి వంగింది.

“గుర్తు రావట్లేదురా,” అంది. “అమ్మ ముఖం రంగు నాకు గుర్తు రావట్లేదు.”

నాకు ఏడుపొచ్చింది. ఉన్న ఒక్క అమ్మనూ నా చేతులతోనే చెరిపేశాను, అక్క తలలో మిగిలిందనుకున్నది కూడా లేదు.

అక్క గాజులు పైకి జరుపుకుని, ముంజేతి లోపలి వైపు తెరకు ఆనించింది. “నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి, చూడవే ఒకే గుడ్డలో కత్తిరించినట్టున్నాం అని మురిసిపోయేది. అది గుర్తుంది. దీన్ని చూసి వెయ్యి.”

వేశాను. ముదురైతే తగ్గించాను, లేతైతే పెంచాను. ముఖంలో ఒక్కో ఛాయా మారుతూ వచ్చింది. చివరికి చెయ్యి ఎక్కడ అయిపోయిందో, చెంప ఎక్కడ మొదలైందో తెలియలేదు. అమ్మను చూడటం నాకు అదే మొదటిసారి.

“ఇక తియ్యనా?” అంది అక్క.

“కాసేపు ఉంచు అక్కా,” అన్నాను.