మూడో పికప్పు

నా బేస్ గిటారు వినపడడం లేదని మా బావ చెప్పిన రోజునుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. వినపడకపోవడమంటే బొత్తిగా వినపడకపోవడం కాదు. పక్కింట్లో ఎవరో పిండి రుబ్బుతున్నట్టు ఓ గుర్రు ఉంటుంది. అది ఏ స్వరమో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియదు. మా బావ మాట్లాడడం కూడా డ్రమ్ములు వాయించినట్టే ఉంటుంది, సన్నగా మొదలుపెట్టడం చేతకాదు. "మూడు వారాల్లో హోటలు మేనేజరు మన పాట వింటాడు. ఆ స్టేజీ మీద నలుగురికే జాగా ఉందట. వినపడని మనిషిని ఐదోవాడిగా ఎలా చూపించను, నువ్వే చెప్పు," అన్నాడు.

మా బృందంలో ఐదుగురం. డ్రమ్ముల మీద బావ, కీబోర్డు మీద మా అక్క, పాడే ఆయన, గిటారాయన, నేను. బావకు బృందం ముందు, బంధుత్వం తర్వాత. అందులో తప్పేమీ లేదు, అతని స్థానంలో నేనున్నా అలాగే చేసేవాణ్ణి. అలా అనుకోవడానికి బాగానే ఉంది గానీ మింగుడుపడలేదు. పదకొండేళ్ళుగా వాయిస్తున్నాను. వారమంతా కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేది శని, ఆదివారాలు వస్తాయన్న ఆశతోనే. ఆ నాలుగు తీగలూ లాగేసుకుంటే నాకు మిగిలేది గోళ్ళ సందుల్లో గాజుపొడి.

అందుకని తప్పు గిటారుదేనని తేల్చేశాను. గిటారులో కూడా పికప్పులదేనని. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి రాగితీగ వేల చుట్లు, పికప్పంటే అంతే. పైన తీగ ఊగితే కింద ఆ చుట్లలో కరెంటు పుడుతుంది, అది వైరుగుండా పోయి స్పీకర్లో చప్పుడవుతుంది. నావి గిటారు కొన్ననాటివి, చవకరకం. వాటిమీద నెపం పెట్టడం తేలిక. తిరిగి ఒక్క మాట అనవు.

కొత్తవి ఎంచుకోవడం మొదలుపెట్టాక నేను మనిషిలా లేను. అయస్కాంతం ఏ రకందైతే గొంతు మెత్తగా ఉంటుంది, చుట్లు ఎక్కువైతే లాభమా తక్కువైతే లాభమా అని ఫోన్లో చదవడం, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకే తీగను పదిహేను పికప్పుల మీద వినడం. అన్నం ముందు కూర్చుని కూడా బల్లమీద వేళ్ళతో టకటకమనిపిస్తుంటే మా ఆవిడ కంచం అవతలికి జరిపి, ముందు ఆ వాయిద్యం కానివ్వండి, తర్వాత తిందురుగాని అంది. దుకాణంలో ఒక పెద్దావిడ నేను మార్చి మార్చి పెడుతున్న అద్దాలన్నీ చూసి, ఏడోదాని తర్వాత, మొదటిదే నయం బాబూ అంది. మామూలుగా అలాంటివాళ్ళంటే నాకు చిరాకు. ఆ రోజు మాత్రం ఆవిడకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను.

మా ఊళ్ళో ఇలాంటి పనులు చేసేది మరమ్మతు మాస్టారు ఒక్కరే. మేడమెట్ల కింద చిన్న గది. చుట్టూ కడుపులు కోసిన ఆంప్లిఫయర్లు, గోడకు మేకులకు వేలాడే స్పీకరు అట్టలు, ఎప్పుడూ వేడిగా ఉండే టంకం కడ్డీ. మొదటిసారి రెండు సన్నటి పికప్పులు తీసుకెళ్ళాను. తళతళలాడే గొంతు వాటిది. ఆయన తీగలు వదులుచేసి, పాతవి ఊడదీసి, కొత్తవాటి వైర్లకు టంకం పెట్టి, స్క్రూడ్రైవరు కొసతో ఒక్కో అయస్కాంతాన్నీ కొట్టి స్పీకర్లో టక్కుమంటోందో లేదో చూశారు. అక్కడ వాయిస్తే బ్రహ్మాండంగా ఉంది. రిహార్సలుకు తీసుకెళ్తే మళ్ళీ అదే గుర్రు. పైపెచ్చు నేను తీగలమీద చెయ్యి తీయగానే గుయ్యిమనేది. గదిలోకి కందిరీగ దూరిందేమోనని పాడే ఆయన కిటికీ తెరిచాడు.

వారం తిరక్కుండానే అవి తీసేసి బలమైన పికప్పు పెట్టించాను. రెండు ముక్కలుగా ఉంటుంది, గుయ్యిమనదు, చప్పుడు ఒకటికి రెండింతలు. నిజంగానే రెండింతలైంది, గుర్రు. బావ కర్రలు ఒళ్ళో పెట్టుకుని, "ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికెవడో," అన్నాడు. గిటారాయన నవ్వాడు, పాడే ఆయన నవ్వాడు. నవ్వనిది మా అక్క ఒక్కతే. కీబోర్డు మీద లేని దుమ్ము తుడుస్తూ కూర్చుంది. నాకోసం బాధపడుతోందనుకుని నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఇక శుక్రవారం. ఎల్లుండే మేనేజరు వినేది. దుకాణంలో సెలవు చెప్పి మూడో పికప్పు తీసుకుని పరుగెత్తాను. సబ్బుబిళ్ళంత లావుంది. అది పట్టాలంటే గిటారు ఒంటిమీద ఉన్న గాడి చాలదు, చెక్క తొలవాలి. మాస్టారు దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. నేను ఒక కాలిమీద నిలబడి ఇంకో కాలు ఆడిస్తున్నాను. త్వరగా కానివ్వండి మాస్టారూ అని మూడుసార్లు అనుంటాను. ఆయన ఉలి తీయలేదు. తీగ తెగితే మరోటి వేస్తాం, చెక్క కోస్తే మళ్ళీ అతకదు, నా దగ్గర మోగినది మీ గదిలో ఎందుకు మోగదో తేలకుండా కొయ్యనన్నారు. రిహార్సలు రికార్డింగు ఏదైనా ఉంటే పెట్టమన్నారు.

ఫోన్లో ఉంది. ఆయన పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకున్నారు. పాట అయిపోయింది. మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నారు. రెండోసారి మధ్యలో చెయ్యెత్తి ఆపించారు.

"ఇందులో బేస్ వాయించే రెండోవాడు ఎవరు?"

రెండోవాడు ఎవడూ లేడన్నాను.

"ఉన్నాడు నాయనా. నువ్వు వేసే స్వరమే, నీ చోటే, వాడూ వేస్తున్నాడు. నీది ఒక వెంట్రుకవాసి వెనక పడుతోంది. అందుకే రెండూ కలిసి ముద్దవుతున్నాయి. అయస్కాంతం మార్చినా చెక్క కోసినా అది పోదు." హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలిస్తూ, "వాడు మాత్రం ఒక్క దెబ్బ తప్పలేదు," అన్నారు.

విన్నాను. ఒకసారి తెలిశాక వినకుండా ఉండడం నావల్ల కాలేదు. నా తీగ కింద, నాకన్నా ముందు, గుండ్రంగా, తొణక్కుండా నడుస్తున్న ఇంకో చప్పుడు. అది కీబోర్డు. మా అక్క ఎడమచెయ్యి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మొదట్లోనే చెప్పాల్సింది, సిగ్గుపడి చెప్పలేదు. రెండేళ్ళ కిందట ఒక కంపెనీ వార్షికోత్సవంలో, ఎనిమిది వందలమంది ముందు, పాట మధ్యలో నా వేళ్ళు ఆగిపోయాయి. కారణం లేదు. తరవాతి స్వరం ఏదో తెలుసు, వేలు కదలలేదు. ఒక చరణమంతా అలాగే కొయ్యబొమ్మలా నిలబడ్డాను. ఆ చరణం అక్క తన ఎడమచేత్తో నా వంతు వాయించి గట్టెక్కించింది. చూసినవాళ్ళెవరికీ తెలియలేదు. ఆ రాత్రితో ఆ కథ అయిపోయిందని నేననుకున్నాను. అక్క అనుకోలేదన్నమాట.

గిటారు అక్కడే వదిలేసి వాళ్ళింటికి వెళ్ళాను. బావ పనికి వెళ్ళాడు. అక్క మంచంమీద దుప్పట్లు మడతపెడుతోంది. కూర్చోమంది, కూర్చోలేదు. కిటికీ దాకా వెళ్ళి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. ఎన్నాళ్ళనుంచని అడిగాను. దేని గురించని తను అడగలేదు.

"ఆ రోజునుంచే," అంది.

"ప్రతి పాటా?"

"ప్రతి పాటా. మొదట్లో నీకోసం వాయించానురా. నువ్వు ఆగిపోతావేమోనని. తర్వాత్తర్వాత నా భయానికి నేను వాయించాను. ఇప్పుడు అలవాటైపోయింది, ఆ చెయ్యి నా మాట వినదు." దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది. ఎంత కోపంలో ఉన్నా పట్టుకోక తప్పలేదు. "పికప్పులు మారుస్తుంటే చెబుదామనే అనుకున్నాను. ఏమని చెప్పను? నీ మీద నాకు నమ్మకం లేదనా?"

బావకు తెలుసా అన్నాను. డ్రమ్ముల వెనక కూర్చున్న మనిషికి ఇద్దరం వాయించేదీ ఒకటే గుర్రుగా వినపడుతుంది, తెలియదంది. నేను అరుద్దామనే వచ్చాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. ఇద్దరం దుప్పటి చెరో కొస పట్టుకుని నిలబడితే అరవడం కుదరలేదు.

"అక్కా, నన్ను నిలబెట్టాలని నువ్వు వాయించావు. నేను లేకపోయినా పాట ఆగదని నీ చెయ్యే మీ ఆయనకి చూపిస్తోంది," అన్నాను.

అక్క మొహం పాలిపోయింది. ఈ సంగతి తనకు తట్టలేదు, ఆ క్షణం దాకా నిజంగానే తట్టలేదు. నాకు జాలేసింది, కోపమూ పోలేదు. రెండూ ఒకేసారి ఉంటే మనిషికి ఎటూ తోచదు. ఆదివారం ఆ చెయ్యి తీసెయ్యమన్నాను.

"మళ్ళీ ఆగిపోతే?"

"ఆగిపోతే ఆగిపోతాను. ఆగిపోయింది నేనని అయినా తెలుస్తుంది."

అక్క దుప్పటి మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. సరేనంది.

శనివారం మాస్టారి దగ్గరికి వెళ్తే ఆయనే అడిగారు, మూడింటిలో ఏది పెట్టమంటావని. బలమైనది పెడితే తడబాటు కొంత ఆ హోరులో కలిసిపోతుందట. మొదట తెచ్చిన సన్నటి జత దేన్నీ దాచదట, వేలు ఎలా పడితే అలాగే చెబుతుందట. మూడు వారాల్లో పదిహేను రకాలు విన్న మనిషికి ఎంచుకోవడానికి అరనిమిషం పట్టింది. సన్నటివే పెట్టించుకున్నాను. ఆయన గాడి లోపల రాగిరేకు అంటించి, రెండు పికప్పుల వాల్యూము బిరడాలూ సమానంగా తిప్పి ఉంచితే ఆ కందిరీగ రొద రాదని చెప్పారు. ఈ మాట రెండు వారాల ముందు చెప్పొచ్చు కదా అని మనసులో తిట్టుకున్నాను. అప్పుడు ఆయన చెప్పబోతే విననిది నేనే.

ఆదివారం పొద్దున హోటలు హాల్లో కుర్చీలు బల్లలమీద బోర్లించి ఉన్నాయి. మేనేజరు ఒక కుర్చీ దింపుకుని కూర్చుని, ఫోన్ చూసుకుంటూ కానివ్వండన్నాడు. అక్క స్టూలు సర్దుకుంది. సర్దుకుని, ఎడమచేతిని తొడ కింద పెట్టి దానిమీద కూర్చుంది. కుడిచెయ్యి ఒక్కటే మీటల మీద ఉంది. నేను తీగలమీద వేళ్ళు పెట్టాను.

మొదటి స్వరం వేయగానే స్నానం చేస్తుండగా తలుపు ఊడిపోయినట్టనిపించింది. నా చప్పుడు, నాది మాత్రమే, హాలంతా. ఇంత గరుగ్గా ఉంటుందా నా వేలు? ఇంత ఆలస్యంగా పడుతుందా? పడుతుంది. రెండేళ్ళుగా పడుతూనే ఉంది, అక్క ముందు పరిగెత్తి నేల సర్దుతుంటే నాకు తెలియలేదు. సగం పాటకు వేళ్ళు తాళాన్ని అందుకున్నాయి. వెనకనుంచి బావ కాలి డ్రమ్ము నా తీగను వెతుక్కుంటూ వచ్చి దానిమీద పడడం తెలిసింది. తిరిగి చూస్తే అతను నన్నే చూస్తున్నాడు.

రెండో పాట చరణంలో, రెండేళ్ళ కిందట నేను ఆగిపోయిన జాగా వచ్చింది. వేళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి. ఒక స్వరం పోయింది. ఇంకోటి పోయింది. పాట కింద ఖాళీ ఏర్పడింది, ఎంత ఖాళీ అంటే మేనేజరు ఫోన్లోంచి తలెత్తాడు. అక్క భుజం కదిలింది. నేను తల అడ్డంగా ఊపాను. తను కళ్ళు గట్టిగా మూసుకుని ఆ చేతిమీద ఇంకా బరువుగా కూర్చుంది. మూడో స్వరానికి నా వేలు దిగింది. వంకరగా దిగింది గానీ దిగింది. చివరిదాకా ఆగలేదు.

మేనేజరు బాగుందన్నాడు. వచ్చే నెలనుంచి ఆదివారం మధ్యాహ్నాలు రమ్మన్నాడు. లేస్తూ బావతో, "ఆ లావు తీగలాయన రెండో పాటలో తప్పాడు కదండీ," అన్నాడు.

"తప్పాడండి. నాకూ వినపడింది," అన్నాడు బావ. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ నావైపు ఒకసారి, అక్క వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో అతనికి ఎంత తెలిసిందో నేను చెప్పలేను.

స్టేజీ మీద నలుగురికే చోటని మేనేజరు గుర్తుచేశాడు. నేను గిటారు వైరు చుట్టడం మొదలుపెట్టాను. చుట్టలు సరిగ్గా రాకపోతే విప్పి మళ్ళీ చుట్టాను.

"ఐదుగురం వస్తామండీ," అన్నాడు బావ. "చోటు చాలకపోతే నా డ్రమ్ముల్లో రెండు ఇంటిదగ్గరే వదిలేస్తాను."

అక్క అప్పుడు గానీ తొడ కిందనుంచి ఎడమచెయ్యి తీయలేదు. తిమ్మిరెక్కి వేళ్ళు ముడుచుకోవడం లేదంటే, నేను వెళ్ళి పక్కన కూర్చుని ఆ చెయ్యి రుద్దాను.