మిరుగు నాటి వాలుగ

మిరుగు రోజు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే నాడు, చేప తినాలె. హైదరాబాద్‌ల పుట్టినోళ్లకు ఇది చెప్పాల్సిన పనిలేదు. ఎండలు పోయి వానలొచ్చే ఆ రోజు ఏ గల్లీల నడిచినా పులుసు వాసనే. మా ఆవిడ ప్రభావతి వైపోళ్లంతా ఆ పూట బర్కత్‌పురల మా షడ్డకుడు, అంటే మా ఆవిడ అక్క మొగడు, రాజీవ్ ఇంట్ల కలుస్తరు. ఆయన బ్యాంకు మేనేజరు. చేప తెచ్చేదీ ఆయనే, దాని మీద ఉపన్యాసమిచ్చేదీ ఆయనే. మెచ్చుకునుడు మా వంతు.

నాది అశోక్‌నగర్‌ల బండ్లు బాగుచేసే షెడ్డు. ఏడో తరగతిలనే బడి బందు పెట్టిన. చుట్టూ కోచింగ్ సెంటర్లు. ఆఫీసర్లు కావాలనుకునే పోరలంతా నా దగ్గర పుణ్యానికి గాలి కొట్టించుకుంటరు. ఆఫీసరైనంక ఒక్కడు తిరిగి చూసిన పాపాన పోలే. పోనీ, అది వేరే ముచ్చట.

ఈసారి మిరుగుకు వారం ముందు నారాయణగూడల ఒక పెండ్లికి పోయినం. విందుల అందరి ముందట రాజీవ్ నా భుజం మీద చెయ్యేసి, "ఆదివారం రా ఇంద్రసేనా, చేప తెప్పిస్తున్న. నీకు పానా పట్టుడే తెలుసు, చేప పట్టుడు తెల్వది గద" అన్నడు. అందరు నవ్విన్రు. ప్రభావతి గూడ నవ్వింది. గక్కడ మండింది నాకు.

"ఈసారి చేప నాది అన్నా. కొన్నది గాదు. నదిల నా చేతులతోని పట్టింది."

"మాట మీద ఉంటవా? అయితే నేను తెప్పియ్య. నీ చేప రాకుంటే మిరుగు నాడు అందరికీ పప్పుచారే."

ఇంటికొచ్చేదాంక ప్రభావతి ఒకటే మాట: "నువ్వు మూసీ గూడ దిగినోనివి గాదు."

షెడ్డు ఎనక బిల్డింగు లేస్తున్నది. అండ్ల మేస్త్రి కురుమయ్య రోజూ నాతోనే చాయ్ తాగుతడు. సంగతి చెప్తే పగలబడి నవ్విండు. "మా ఊరు కొల్లాపూర్ అవతల, కృష్ణ ఒడ్డునే గదనే! శనివారం పోదాం."

ఆదివారం తెల్లారేటప్పటికి ఒడ్డు మీద కూసున్నం. కురుమయ్య తల్లి మాసమ్మ డబ్బల కోడి పేగులు పెట్టిచ్చింది. కురుమయ్య గాలానికి పేగు గుచ్చి, దారం నా చేతికిచ్చిండు. కట్టె లేదు, ఏం లేదు. ఉత్త దారమే.

"చేతికి చుట్టుకోకు అన్నా. చేప గుంజితే ఇడువు. అది అలిసినంక నువ్వు గుంజు."

పొద్దు పొడిచింది. చిన్న చేపలు పేగు కొరుక్కొని పోతున్నయి. నేను మళ్ల గుచ్చుడు, అవి మళ్ల తినుడు.

"ఏందన్నా," అన్నడు కురుమయ్య, "చేపలకు నాష్టా పెట్టనీకొచ్చినవా?"

తిడదామని అటు తిరిగిన. దారం జుయ్యిమన్నది.

ఇడువుమన్న మాట యాదికుంటే గద. బ్రేకు తీగ బిగించుడు అలవాటైన చేతులాయె, రెండు చుట్లు చుట్టి బిగవట్టిన. లోపలున్నది ఒక్క గుంజు గుంజింది. కాలు జారి నడుములోతు నీళ్లల్ల పడ్డ.

"ఇడువన్నా, ఇడువు!"

"నా చేప! నేనిడువ!"

"చేప పోదు, నువ్వే పోతవ్!"

చుట్లు విప్పిన. అరచేయి సుర్రుమనంగ దారం పోతనే ఉన్నది. ఆగినంక గుంజిన. అది గుంజితే ఇడిసిన. ఎంతసేపయిందో తెల్వదు. ఆఖరికి నీళ్ల మీద ఒక తలకాయ లేసింది. పొడుగు మీసాలు, చెవుల దాంక చీల్చినట్టు నోరు. నిజం చెప్పాల్నంటే ముందుగాల మా షడ్డకుడే యాదికొచ్చిండు.

వాలుగ. ఇద్దరం కలిసి ఒడ్డుకు ఈడ్చినం. నిలబెడితే నా నడుము దాటింది. అక్కడక్కడున్న పడవలోళ్లు తిరిగి చూసేటట్టు ఒర్లిన. ఏమని ఒర్లిననో నాకే తెల్వదు.

అంతల మాసమ్మ కత్తి, గిన్నె పట్టుకొచ్చింది.

"కత్తెందుకవ్వా? ఇది పట్నం పోవాలె."

"అట్లెట్ల పోతది బిడ్డా? కొత్తగ గాలమేసినోని తొలి చేప ఒడ్డు మీదున్నోళ్లకే. మాకు ఎప్పటి సంది అదే. దాని తర్వాత ఎన్ని పడ్డా నీ ఇంటికే."

"ఇది పోకుంటే మావోళ్లంతా పప్పుచారు తింటరు!"

"ఎత్తుకపో మరి, నేను అడ్డమొస్తనా?" అన్నది. గిన్నె మాత్రం కింద పెట్టలే.

పడవలోళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డరు. ఒకాయన వాలుగ మీసం పట్టి చూసి, "ఎవరు పట్టిండ్రు?" అన్నడు. కురుమయ్య నన్ను చూపిచ్చిండు. "ఎట్ల గుంజినవన్నా, జర చెప్పు" అని ఆయన నా పక్కన కూసున్నడు. నన్ను బండి రేటు గాకుంట ఇంకొకటి అడిగిన మనిషి నాకు యాదికి లేడు. చెప్పనీకి మొదలువెట్టిన. సగంల ఆపి, "కొయ్యవ్వా" అన్న.

చింతపులుసు, ఎర్రటి కారం. జొన్నరొట్టెతోని అందరం తిన్నం. అంత రుచి నా నాలుక చూడలే.

తిన్నంక భయమైంది. మధ్యాహ్నం బస్సు. గాలమేస్తే ఒక్కటి ముట్టలే. అప్పుడు మాసమ్మ విసురువల చేతికిచ్చింది. మొదట్ల తడిబట్టల మూటోలె పడ్డది. ఒడ్డంతా నవ్వు. పోంగపోంగ గొడుగోలె విచ్చుకున్నది. పడ్డయి గని, అన్నీ వేలెడంత పరకలు. సంచి నింపి, ఐసేసుకొని బస్సెక్కిన.

బర్కత్‌పురల సంచి విప్పంగనే రాజీవ్ ముఖం చూడాలె. "ఇవి చేపలా? పెద్దదేది?"

"తినొచ్చిన."

"నువ్వు పెద్దది తిని మాకు పరకలా!"

"పప్పుచారు గాదు గద అన్నా. ఇగ కూసో, తోమాలె."

ఇల్లంతా పాతపేపర్లు పరిచి కూసున్నం. పరకలు తోముడంటే చిన్నపని గాదు. రాజీవ్ గూడ లుంగీ ఎగ్గట్టి దిగిండు, కండ్లద్దాల మీద పొలుసులంటినయి. నేను తోముకుంట వాలుగ సంగతి చెప్తున్న. నీళ్లల్ల పడ్డకాడ ఆపి, కత్తి కడగనీకి లేసిన.

"తర్వాత?" అన్నడు రాజీవ్.

"ఆగు అన్నా, కత్తి కడుగనీ."

"తర్వాత చెప్పవయ్యా, ఇడిసినవా లేదా?"

ప్రభావతి నా చేతుల కత్తి గుంజుకొని, "నేను కడుగుత గని, నువ్వు కూసొని చెప్పు" అన్నది.