దొరసానీ, మా ఆయన కొత్త పళ్లూ

మా వీధిలో పావురాలు పెంచేవాళ్లకు ఒకటే రూలు: ఎవరి దగ్గర వాలితే వాళ్లదే పావురం. మెట్ల మీద జారిపడి మా ఆయన పైవరస ముందు పళ్లు రెండూ రాలగొట్టుకున్నాక, పావురాలను పిలిచే ఆయన ఈల కాస్తా ఉత్త గాలైపోయింది. ఎదురింటి దర్జీకి పండగే పండగ. డాబా మీద గింజల డబ్బా గలగలలాడిస్తాడు, మా పావురాలు ఒక్కొక్కటే పోయి అక్కడ వాలతాయి. చివరికి మిగిలింది దొరసాని ఒక్కతే. తెల్లగా ఉంటుంది, ఒళ్లంతా టెక్కే.

నేను ఈ పావురాలను సవతులనే అంటాను. నాకు జ్వరమొస్తే మాత్ర వేసుకోమని చెప్పి పనికి పోయే మనిషి, దొరసాని గింజ ముట్టకపోతే సెలవు పెడతాడు మరి!

ఇవాళ ఆయన రాలిన పళ్ల చోట బ్రిడ్జి పెట్టించుకునే రోజు. ఈ మహానుభావుడు గూడు తలుపు తీసి, దొరసానిని ఎగరేసి మరీ బయల్దేరాడు.

"ఇదేం పిచ్చండీ! పళ్లే రాలేదు, అప్పుడే ఈలా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట!"

"నువ్వూరుకోవే. ఇవాళ నేను పిలుస్తాను, అదొస్తుంది."

పళ్ల ఆసుపత్రి మా వీధి చివరే, మేడ మీద. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లను డాక్టరమ్మ కిందటిసారే అరగదీసింది. వాటికి తొడుగుల్లా కూర్చునేవి రెండు, మధ్యలో కొత్తవి రెండు, నాలుగూ కలిపి ఒకే ముక్క. సిమెంటు లేకుండా ముందు ఊరికే తొడిగి, అద్దం చేతికిచ్చింది. అబ్బ, పెళ్లినాటి మొహం తిరిగొచ్చేసింది! నాకు సంతోషంతో కళ్లు చెమర్చాయి.

అంతలో కిటికీలోంచి గలగలమని డబ్బా చప్పుడు. దొరసాని దర్జీ డాబా మీదే చక్కర్లు కొడుతోంది. మా ఆయన ఆగితేనా! కుర్చీలోంచి లేచి గట్టిగా ఊదాడు. ఈల రాలేదు సరికదా, బ్రిడ్జే ఊడొచ్చి నా ఒళ్లో పడింది.

"ఇంకా సిమెంటు పెట్టలేదు పెద్దాయనా!" డాక్టరమ్మ తల పట్టుకుంది.

"పుట్టుకతో వచ్చిన తొందర డాక్టరమ్మా, పుడకలతోగానీ పోదు," అన్నాను.

ఆమె దాన్ని కడిగి, ఆరబెట్టి, సిమెంటు పూసి అతికించింది. దూది కరిచిపట్టుకుని కదలకుండా కూర్చోమంది. బయట దొరసాని కిందికి, ఇంకా కిందికి దిగుతోంది. నోరు విప్పలేక ఆయన కళ్లతోనే నన్ను బతిమాలాడు. ఆ చూపుకి నా మనసు కరిగిపోయింది. కిటికీలోంచి సగం బయటికి వంగి, వీధి అదిరేలా అరిచాను.

"దొరసానీ! రావే తల్లీ! ఆ గింజలకు ఆశపడకే, నేను పెడతానే నీకు!"

అది నా మాట వింటుందా! దర్జీ పిట్టగోడ మీద వాలబోయింది.

"ఇక దూది తీయొచ్చు," అంది డాక్టరమ్మ.

ఆయన ఒక్క ఉదుటున నా పక్కకొచ్చాడు. మొదటిసారి గాలే. నాలుకతో కొత్త పళ్లను తడుముకుని మళ్లీ ఊదాడు. ఈల! వీధి వీధంతా తలెత్తి చూసింది. దొరసాని గిర్రున తిరిగింది. వస్తోంది, వస్తోందర్రా! టపటపా రెక్కలు కొట్టుకుంటూ వచ్చి, వంగి ఉన్న నా భుజం మీద వాలింది.

"చూశావటే! నా దొరసాని!" అని ఆయన గంతేసి చెయ్యి చాచాడు.

నేను పక్కకు తిరిగాను. దాని గోళ్లు గుచ్చుకుంటున్నాయి. నా చెంప పక్కనే దాని చిన్న గుండె టకటకా కొట్టుకుంటోంది.

"చెయ్యి తియ్యండి. ఎవరి దగ్గర వాలితే వాళ్లదే కదా? ఇకనుంచి ఇది నాది."

ఆయన నోరు తెరిచాడు. నాలుగు పళ్లూ తళతళా కనిపించాయి.