ఇచ్చేశాం, తీసుకోండి

అంట్లు అయ్యాక ఆయన గోల్ఫ్ కర్రలు తోమడం కూడా నా పనే. వెడ్జ్ అనే కర్రతోనే ఎక్కువ తంటా. దాని ఇనుప ముఖం మీద సన్నటి గీతలుంటాయి. వాటిలో మట్టి ఇరుక్కుంటే బంతి అనుకున్నచోట ఆగదని మావారు అంటారు. అందుకని పాత పళ్ల బ్రష్షుతో గీత గీతా రుద్దుతాను. వంటింట్లో గిన్నెలు కూడా ఇంత వైభోగం ఎరగవని మా అత్తగారు నవ్వుతారు.

సెలవు రోజుల్లో ఆయన పెరట్లో చిప్పింగ్ సాధన చేసేవారు. అంటే, బంతి పడాల్సిన గుంట దగ్గరికొచ్చాక బంతిని కాస్త లేపి నేల మీద వేసి, మిగతా దూరం దానంతట దాన్నే దొర్లనివ్వడం. బంతులు ఏరిపెట్టేది నేను. ఒకరోజు ఫోనొచ్చి ఆయన లోపలికెళ్తే, కర్ర తీసుకుని కొట్టాను. గడ్డి లేచింది గానీ బంతి లేవలేదు. కిటికీలోంచి చూసి నవ్వారు. అయినా మనిషి చెడ్డవారు కాదు. బయటికొచ్చి నా చేతులు సరిచేసి, బంతిని లేపాలని చూడకు, లేపడం కర్ర చూసుకుంటుంది, నువ్వు కిందికి కొట్టు, అన్నారు.

ఆనాటి నుంచి బట్టలు ఆరేశాక ఒక తువ్వాలు గడ్డి మీద పరిచి, బంతి దాని మీద పడేలా కొట్టుకునేదాన్ని. నాకు ఈ ఆట ఎందుకు పట్టుబడిందో ఆలోచిస్తే నవ్వొస్తుంది. దూరం కొట్టినవాడి గురించి క్లబ్బులో వారమంతా చెప్పుకుంటారు. దగ్గర్నుంచి మెల్లగా వేసి గుంటలో గుచ్చిన జెండా పక్కన ఆపితే, బాగుందని ముందుకు నడిచిపోతారు. ఇంట్లో నా పనంతా ఆ రెండో రకమే. చేస్తే కనపడదు, చెయ్యకపోతే ఇల్లంతా కనపడుతుంది.

ప్రార్థనకి కూర్చున్నా అదే ధ్యాస. అందరి ఆరోగ్యం అడగాల్సిన చోట, నేను కొట్టిన బంతి గుంటలో పడ్డ చప్పుడు ఒక్కసారి వినిపించు స్వామీ అని అడిగాను. పెరట్లో గుంట లేదు మరి. ఇంత చిన్న కోరికతో దేవుణ్ణి విసిగించడం తప్పేమో అనిపించింది. చిన్నది కాబట్టే ఇంకెవర్నీ అడగలేకపోయాను.

ఈ ఏడు క్లబ్బులో దంపతుల పోటీ పెట్టారు. దూరం కొట్టడం ఆయన వంతు, గుంట దగ్గర నా వంతు. ఎదుటి జంట ఆయన ఆఫీసు పెద్దాయనా, వాళ్లావిడా. నా చిప్పులు బాగానే పడ్డాయి. కానీ బంతి గుంటకి దగ్గరగా ఆగిన ప్రతిసారీ పెద్దాయన, "గిమ్మీ, చెల్లెమ్మా. ఇచ్చేశాం, తీసుకోండి," అనేవారు. అంత దగ్గర్నుంచి ఎవరూ తప్పరు గనక, కొట్టకుండానే పడినట్టు లెక్కట. అది మర్యాద. ఆయన అలా అనగానే మావారు వంగి బంతి తీసి జేబులో వేసుకునేవారు. ఆట చివరికొచ్చింది. నా బంతి ఒక్కటీ గుంటలోకి పోలేదు.

ఆఖరి గుంట దగ్గర నేను వేసిన చిప్పు గడ్డి అంచు దాటి, మెల్లగా దొర్లి, జానెడు దూరంలో ఆగింది. పెద్దాయన మళ్లీ అదే మాట అన్నారు. మావారు మళ్లీ వంగారు.

"ఏమండీ, దాన్ని అక్కడే పెట్టెయ్యండి. నేను వేసుకుంటాను."

ఆయన బంతి చేతిలో పట్టుకుని, నవ్వుతున్నట్టు ముఖం పెట్టి, గొంతు తగ్గించారు. "ఇచ్చాక ఇంకా కొట్టడమేంటి? వాళ్లేమనుకుంటారు?"

ఇచ్చినవన్నీ ఇన్నేళ్లూ తీసుకుంటూనే ఉన్నాను. ఇల్లిచ్చారు, పేరిచ్చారు, నువ్వు లేకపోతే గడవదన్న మెప్పూ ఇచ్చారు. వాటిలో దేన్నీ కాదనను. కానీ ఇవ్వడానికి ఇది వాళ్లది కాదు కదా.

నేను సంచిలోంచి పటర్ తీసుకున్నాను. బంతిని దొర్లించే కర్ర అది. పెద్దాయన భార్య ఎందుకో భర్త మోచెయ్యి పట్టుకుని ఒక అడుగు వెనక్కి లాగింది.

"అందరి ముందూ తప్పితేనో?" అన్నారు మావారు.

"తప్పితే, తప్పింది నేనే అవుతాను కదండీ," అన్నాను.